ద్వీపం ఖాళీగా ఉన్నప్పుడు మారిన చట్టం

2017 సెప్టెంబర్ 6 తెల్లవారుజామున ఇర్మా అనే హరికేన్ కరీబియన్ ప్రాంతంలోని బార్బుడా ద్వీపాన్ని తాకింది. గంటకు సుమారు 295 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి ద్వీపంలోని కట్టడాల్లో నూటికి తొంభై దెబ్బతిన్నాయి. రెండేళ్ల పసివాడు ఒకడు చనిపోయాడు. వెంటనే హోసే అనే మరో హరికేన్ అటువైపే వస్తున్నదన్న హెచ్చరికతో రెండు మూడు రోజుల్లోనే జనాన్నంతా పడవల్లోనూ విమానాల్లోనూ పక్కనున్న ఆంటిగ్వా ద్వీపానికి తరలించారు. మొత్తం పదహారు పద్దెనిమిది వందల మంది. మన దగ్గర ఒక మోస్తరు పంచాయతీ జనాభా కన్నా తక్కువ. మూడు వందల ఏళ్లలో మొదటిసారి ఆ నేల మీద మనిషి అనేవాడు లేకుండా పోయాడు. అదే ఏడాది డిసెంబరులో, ఆ జనంలో అత్యధికులు ఇంకా ఆంటిగ్వా శిబిరాల్లోనూ బంధువుల ఇళ్లలోనూ తలదాచుకుంటుండగా, ఆంటిగ్వా బార్బుడా పార్లమెంటు బార్బుడా భూ చట్టాన్ని సవరించింది.

విపత్తుల గురించి రాసేవాళ్లు సాధారణంగా సెప్టెంబరు దగ్గర మొదలుపెట్టి సహాయ సామగ్రి లెక్కలతో ముగిస్తారు. ఒక సమాజం తుఫాను నుంచి కోలుకున్నదా లేదా అన్నది తేల్చవలసింది డిసెంబరు దగ్గర అని నేను అనుకుంటాను. కప్పు ఎగిరిపోయిన ఇల్లు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ లేస్తుంది. దాని కింది నేల ఎవరిదన్న ప్రశ్నకు ఆ మధ్యకాలంలో జవాబు మారిపోతే, లేచిన ఇంట్లో ఉండేది ఎవరు?

బార్బుడా భూమి కథ వింతైనది. కుల ప్రశ్నను భూమితో ముడిపెట్టి ఆలోచించేవారు తెలుసుకోవలసినది. 1685 నుంచి 1870 దాకా ఆ ద్వీపాన్ని కాడ్రింగ్టన్ అనే ఇంగ్లీషు కుటుంబం బ్రిటిష్ రాజు దగ్గర కౌలుకు తీసుకుని ఏలింది. ఆంటిగ్వాలో వారికి చెరకు తోటలుండేవి. బార్బుడా నేల చెరకుకు పనికిరాదు. పలుచని మట్టి, కింద సున్నపురాయి, వాన తక్కువ. కనుక ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత అక్కడ పశువులను మేపించారు, తోటలకు కావలసిన తిండిగింజలూ దుంపలూ పండించారు, చుట్టూ ఉన్న రాతిదిబ్బలకు తగిలి మునిగిన ఓడల్లోని సరుకు పైకి తీయించారు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. ఆంటిగ్వాలో విముక్తులైన వారికి నిలబడడానికి జానెడు నేల లేదు. సాగుకు పనికివచ్చే నేలంతా తోటల యజమానులదే. నిన్నటి దొర తోటకే కూలికి పోవాలి, ఆ తోటలోనే గుడిసె, కూలి మానితే గుడిసె ఖాళీ చేయాలి. మన పాలేరు బతుకు తెలిసినవారికి ఈ ఏర్పాటును వేరే వివరించనక్కరలేదు.

బార్బుడాలో మాత్రం అలా జరగలేదు. తోటలు లేవు కనుక తోట యజమానులూ స్థిరపడలేదు. బానిసలుగా ఉన్నవారే ఆ నేలను అంటిపెట్టుకుని ఉండిపోయారు. ద్వీపంలో ఉన్న ఒకే ఒక ఊరు కాడ్రింగ్టన్‌లో ఇళ్లు కట్టుకున్నారు, అడవి అంచున చెలకలు కొట్టుకున్నారు, పశువులను విడిగా మేపారు. ఎవరి ఇల్లు వారిది, ఎవరు దున్నుకున్నంత కాలం ఆ చెలక వారిది. నేల మాత్రం అందరిది. అమ్మకం, తాకట్టు అన్న మాటే లేదు. వలస ప్రభుత్వం కాగితాల మీద ఏమని రాసుకున్నా ఊరి ఆచారం ఇదే. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి'ని అమెరికాలో నల్లవారి బానిసత్వాన్ని రద్దుచేసిన ప్రజలకు అంకితమిచ్చాడు. శూద్రాతిశూద్రుల బతుకుకూ నల్లవారి బతుకుకూ మధ్య బంధుత్వాన్ని ఆయన అప్పుడే చూశాడు. విముక్తి చట్టం వచ్చిన మరునాడు తిండి ఎక్కడిదన్న ప్రశ్న ఆ బంధుత్వంలోనే ఉంది. కరీబియన్‌లో ఆ ప్రశ్నకు విముక్తులు తామే వెతుక్కున్న అరుదైన జవాబుల్లో బార్బుడా ఒకటి.

ఈ ఆచారానికి 2007లో చట్టరూపం వచ్చింది. బార్బుడా భూమి బార్బుడా ప్రజలందరి ఉమ్మడి సొత్తు అని, దాన్ని అమ్మడం కుదరదని, పెద్ద పెట్టుబడి ప్రాజెక్టు ఏదైనా రావాలంటే అక్కడి ప్రజల్లో మెజారిటీ ఒప్పుకోవాలని బార్బుడా భూ చట్టం చెప్పింది. చదవగానే మన షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలు గుర్తుకొస్తాయి. ఆ గుర్తు సరైనదే, దాని గతి కూడా దాదాపు అలాంటిదే. 2015లోనే హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో భాగస్వామిగా ఉన్న విలాస హోటల్ కోసం ఆ చట్టాన్ని పక్కకు నెట్టే ప్రత్యేక చట్టమొకటి చేశారు. అప్పుడు జనం తమ నేల మీదే ఉన్నారు, సభలు పెట్టుకున్నారు, అడ్డుపడ్డారు, కోర్టుకెళ్లారు. ఇర్మా తరువాత అడ్డుపడడానికి ద్వీపంలో ఎవరూ లేరు.

తరలించినవారిలో కొందరిని ఉంచింది వివియన్ రిచర్డ్స్ పేరున్న క్రికెట్ స్టేడియంలో. 2007 ప్రపంచకప్ కోసం కట్టిన స్టేడియం అది. మనలో చాలామంది టీవీలో చూసినదే. వారికి ఊరి కబుర్లు వినికిడి మీదే అందేవి. మొదటి వారాల్లో ఊరికి వెళ్లి వస్తామన్నా అనుమతి లేదు. ఆ తరువాత పగటిపూట వెళ్లి ఇళ్లు చూసుకుని రావడానికి ఒప్పుకున్నారు. కరెంటు, మంచినీరు, బడి, ఆసుపత్రి ఏవీ తిరిగి రాలేదు గనుక పిల్లలున్నవారు నెలల తరబడి వెనక్కి పోలేకపోయారు. ఈ లోగా బుల్డోజర్లు మాత్రం దిగాయి, ఇళ్లకోసం కాదు, అంతర్జాతీయ విమానాశ్రయానికి చెట్లు కొట్టి నేల చదును చేయడానికి. ప్రపంచబ్యాంకు తదితర సంస్థలు వేసిన అంచనా ప్రకారం ఆంటిగ్వా బార్బుడా కోలుకోవడానికి సుమారు 22 కోట్ల డాలర్లు కావాలి. బడి పైకప్పుకు దొరకని డబ్బు రన్‌వే దారి తెరవడానికి ఎలా దొరికిందని బార్బుడా వాళ్లు అడిగారు. పునర్నిర్మాణంలో ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసలోనే అది ఎవరి కోసమన్నది కనబడుతుంది.

ప్రభుత్వం వాదనను తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు. ఉమ్మడి భూమిని బ్యాంకు తాకట్టు పెట్టుకోదు, తాకట్టు లేనిదే అప్పు పుట్టదు, అప్పు లేనిదే గట్టి ఇల్లు లేవదు, గట్టి ఇల్లు లేకపోతే వచ్చే హరికేన్‌కు మళ్లీ ఇదే గతి. కాబట్టి ఒక్క డాలరు కట్టండి, మీ ఇంటిస్థలం మీ సొంతమవుతుంది అన్నారు ప్రధాని గాస్టన్ బ్రౌన్. వినడానికి పేదల పక్షాన ఉన్నట్టే ఉంటుంది. బార్బుడా యువతలో కొందరికి ఆ మాట నచ్చి కూడా ఉండవచ్చు. కానీ ఒక డాలరు ఇచ్చి కొనుక్కున్నది అమ్ముకోవడానికి కూడా పనికొస్తుంది. ఇల్లు కూలి, ఉద్యోగం పోయి, పిల్లల చదువు ఆంటిగ్వాలో సాగుతున్న మనిషి చేతికి అమ్మకపు హక్కు ఇవ్వడమంటే అమ్మకమనే అవసరాన్ని కూడా కలిపి ఇవ్వడమే. మరో సంగతి: ఒక్కొక్కరికి ఒక్కో ఇంటిస్థలం పోగా మిగిలే నేల ఎంత? 160 చదరపు కిలోమీటర్ల ద్వీపంలో పదహారు వందల మంది ఇళ్లకు పట్టే జాగా ఏపాటిది? పచ్చిక, చెలకలు, అడవి, మడుగు, గులాబి ఛాయ ఇసుక తీరాలు, ఇవన్నీ ఉమ్మడి హక్కు పోగానే ఎవరివవుతాయన్నదే అసలు లెక్క.

ఆ లెక్క తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. టెకీలా, షాంపూల వ్యాపారంలో కుబేరుడైన జాన్ పాల్ డెజోరియా పెట్టుబడితో 'పీస్, లవ్ అండ్ హ్యాపినెస్' అనే పేరున్న ప్రాజెక్టు (పేరు నేను పెట్టింది కాదు) దక్షిణ తీరాన సంపన్నుల ఇళ్లు, గోల్ఫ్ మైదానం కడుతోంది. కాడ్రింగ్టన్ మడుగు అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద 2005 నుంచి గుర్తింపు పొందిన చిత్తడి నేల. ఫ్రిగేట్ పక్షుల పెద్ద స్థావరం. చిత్తడి నేలలూ ఇసుక తిన్నెలూ తుఫాను ఉప్పెనకు మొదటి అడ్డుగోడ అని పర్యావరణ శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. హరికేన్ పేరు చెప్పి మార్చిన చట్టం హరికేన్‌ను ఆపే నేలకే ఎసరు పెట్టిందని స్థానికులు మొత్తుకున్నారు.

కోర్టుల మాటేమిటి? ఆంటిగ్వా బార్బుడాకు చిట్టచివరి న్యాయస్థానం ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిలే. భూ చట్ట సవరణ మీద వెళ్లిన వ్యాజ్యంలో 2022లో అది తీర్పు చెప్పింది: బార్బుడా ప్రజలకున్న ఉమ్మడి హక్కు రాజ్యాంగం రక్షించే 'ఆస్తి' కిందికి రాదు, కనుక పార్లమెంటు దాన్ని మార్చుకోవచ్చు. ఒక మనిషి పేర గీత గీసి చూపించగలిగితేనే ఆస్తి. తరతరాలుగా ఒక జాతి మొత్తం అనుభవించినది ఆస్తి కాదు. బానిసలను ఆస్తిగా లెక్కించి, రద్దు చేసేటప్పుడు యజమానులకు పరిహారం చెల్లించిన సామ్రాజ్యపు న్యాయపీఠం అది. ఆ బానిసల మనవళ్లు బతికిన నేల మాత్రం దాని కళ్లకు ఆస్తిగా ఆనలేదు.

బార్బుడా ఒక్కటే అయితే దీన్ని ఒక ప్రభుత్వపు దుర్బుద్ధి అని సరిపెట్టుకోవచ్చు. అదే సెప్టెంబరు 20న మరియా హరికేన్ పోర్టోరికో ద్వీపాన్ని ధ్వంసం చేసింది. మొదట 64 మంది చనిపోయారని చెప్పిన ప్రభుత్వం ఏడాది తరువాత ఒక విశ్వవిద్యాలయ అధ్యయనం ఆధారంగా 2,975 అని ఒప్పుకుంది. అక్కడ పేదల ఇళ్లకు తాతల నాటి అనుభవమే తప్ప కాగితం లేదు. ఇంటి మరమ్మతు సాయానికి అమెరికా విపత్తు సంస్థ యాజమాన్య పత్రం అడిగింది. పత్రం చూపలేని పదుల వేల కుటుంబాల దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. పత్రం లేనివారు ఇతర ఆధారాలతోనో, స్వీయ ధ్రువీకరణతోనో సాయం పొందవచ్చని నిబంధన మార్చింది 2021లో. నాలుగేళ్లు నీలి టార్పాలిన్ కింద గడిపినవారికి అది ఏపాటి ఓదార్పో!

2019 సెప్టెంబరులో డోరియన్ బహామాస్‌లోని అబాకో ద్వీపం మీద విరుచుకుపడినప్పుడు హైతీ నుంచి వలస వచ్చిన కూలీలుండే 'మడ్' అనే బస్తీ నేలమట్టమైంది. మడ్ అంటే బురద. పల్లపు నేల కనుక ఆ పేరు. ఊరు తుడవడం, ఇళ్లు కట్టడం, తోటపని అన్నీ చేసిన మనుషులు వారు. ప్రభుత్వం అక్కడ మళ్లీ ఇళ్లు కట్టరాదని ఉత్తర్వు ఇచ్చింది, మిగిలిన శిథిలాలను యంత్రాలతో తుడిచింది, కాగితాలు లేనివారిని కొద్ది వారాల్లోనే హైతీకి పంపడం మొదలుపెట్టింది. పోర్టోరికోలో పత్రం లేనివాడికి సాయం లేదు, అబాకోలో పత్రం లేనివాడికి ఊరే లేదు. బార్బుడాలో పత్రమిస్తామన్నారు, దాని ఖరీదుగా ద్వీపాన్ని అడిగారు.

తెలుగు పాఠకుడికి ద్వీపమూ తుఫానూ కొత్తవి కావు. కృష్ణా పాయల మధ్యనున్న దివిసీమ 1977 నవంబర్ 19న ఉప్పెనకు గురైంది. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేలు దాటారు. ఆ డెల్టాలో పీటర్ వించెస్టర్ చేసిన అధ్యయనాన్ని ఆధారం చేసుకుని విపత్తుల అధ్యయనంలో ప్రసిద్ధమైన 'ఎట్ రిస్క్' అనే గ్రంథం రెండు కుటుంబాలను పోల్చి చూపింది. రెండూ నూరు మీటర్ల దూరంలో ఉంటాయి. ఒకరికి గట్టి ఇల్లు, రేడియో, లారీ. హెచ్చరిక విని వెళ్లిపోయారు, తిరిగొచ్చి దాచుకున్న డబ్బుతో వారంలో ఇల్లు కట్టుకున్నారు. మరొకరికి గుడిసె, ఎద్దు, దూడ, కొద్దిపాటి పొలం. ఉప్పెన వారి చిన్నబిడ్డను, పశువులను, గుడిసెను తీసుకుపోయింది. ఆ నూరు మీటర్ల దూరాన్ని ఆర్థికశాస్త్రం వర్గమంటుంది. మన ఊళ్లలో మెరకన ఊరు, పల్లంలో పల్లె, సముద్రపు అంచున మత్స్యకారుల గుడిసెలు ఎందుకున్నాయో తెలిసినవారు దానికి మరో పేరు కూడా చెబుతారు.

అదే 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం చేసింది. భూమిలేని పేదలకు, అందులో అధికభాగం దళితులకూ గిరిజనులకూ వెనుకబడిన కులాలకూ, ప్రభుత్వం ఇచ్చిన భూమి వారసత్వంగా అనుభవించవచ్చు, అమ్మకూడదు, అమ్మినా చెల్లదు. బార్బుడా చట్టంలోని కీలకమైన వాక్యం మన చట్టంలోనూ ఉందన్నమాట. 2023లో ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించి, అసైన్ చేసి ఇరవై ఏళ్లు నిండిన భూములకు పూర్తి హక్కు కల్పించింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగింది. నా తరగతిలో ఈ సవరణ మీద చర్చ పెట్టినప్పుడల్లా దళిత విద్యార్థులే రెండుగా చీలిపోతారు. అమ్ముకునే హక్కు మిగతా కులాలకు ఉన్నప్పుడు మాకెందుకు ఉండకూడదు, ప్రభుత్వం ఇంకా మా సంరక్షకుడిగా ఎందుకుండాలి అని ఒకరు. అమ్మకం తెరిస్తే ఐదేళ్లలో ఆ భూమి ఎవరి చేతిలో ఉంటుందో మా ఊరికొచ్చి చూడండి అని మరొకరు. ఇద్దరి మాటలోనూ అనుభవం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 'ఉమ్మడి' అన్న మాటకు మన నేల మీద అమాయకత్వం లేదు. మన ఊరి ఉమ్మడి చెరువు, ఉమ్మడి బంజరు, ఉమ్మడి శ్మశానం ఎవరివో, వాటి దగ్గరికి ఎవరిని రానివ్వలేదో అంబేడ్కర్ మహాడ్ చెరువు దగ్గరే తేల్చాడు. బార్బుడాలో ఉమ్మడి భూమి న్యాయంగా నడిచిందంటే అక్కడివారందరూ ఒకే బానిసత్వం నుంచి వచ్చినవారు కావడం పెద్ద కారణం. భూమి చుట్టూ నిచ్చెన మెట్లు లేవు. అయినా 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేడ్కర్ భూమిని తలా ఒక ముక్కగా పంచమని అడగలేదు. వ్యవసాయాన్ని రాజ్య పరిశ్రమ చేసి, కులమతాలతో నిమిత్తం లేకుండా సమష్టి సాగుకు ఇవ్వమన్నాడు. దాన్ని రాజ్యాంగంలోనే రాయమన్నాడు, రోజువారీ మెజారిటీల చేతికి వదలొద్దన్నాడు. ఆ చివరి షరతు ఎందుకు పెట్టాడో బార్బుడాను చూస్తే అర్థమవుతుంది. 2007 చట్టం మంచిదే. దాన్ని చేసిన పార్లమెంటే దాన్ని తీసేసింది. ఆ పార్లమెంటులో పదిహేడు స్థానాలుంటే బార్బుడాకు ఒక్కటి.

తరగతిలోని ఆ రెండు పక్షాల మధ్య నన్ను తీర్పు చెప్పమంటే, ముందు కాలం గురించి అడుగుతాను. అమ్ముకునే హక్కు కావాలా వద్దా అన్నది ఆ భూమి మీద ఉన్నవారు తమ ఇంట్లో కూర్చుని, తమ సభలో తేల్చుకోవలసిన విషయం. ఇల్లు కూలి, జనం చెదిరి, శిబిరంలో అన్నం కోసం వరుసలో నిలబడి ఉన్న కాలంలో ఆ ప్రశ్న అడగడమే అన్యాయం. మన విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. సహాయంలో కుల, మత, లింగ వివక్ష ఉండరాదని అందులో స్పష్టంగా ఉంది. నిర్వాసితులు తిరిగొచ్చేదాకా వారి భూమి స్థితిని ఎవరూ మార్చరాదన్న వాక్యం ఒకటి అందులో చేరాలి. పట్టా ఉన్నదా లేదా అని చూడకుండా, ఆ గుడిసెలో ఉన్నది నిజమా కాదా అన్నది మాత్రమే చూసి ఇల్లు ఇవ్వాలన్న మరో వాక్యమూ చేరాలి. తుఫాను వచ్చిన ప్రతిసారీ పంట నష్టపరిహారం పట్టాదారు ఖాతాకు చేరి, మునిగిపోయిన పైరును సాగు చేసిన కౌలుదారు బ్యాంకు గుమ్మంలో నిలబడే మన తీరానికి ఇది దూరపు సంగతి కాదు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినంత పరిహారమూ ఇవ్వాలన్నది. అనుభవమే ఆస్తి అని ఒప్పుకోవడానికి అది దగ్గరగా వచ్చిన తీర్పు. లండన్ న్యాయపీఠం 2022లో అంత దూరం కూడా రాలేదు. 2024 ఫిబ్రవరిలో మాత్రం అదే ప్రివీ కౌన్సిల్ మరో వ్యాజ్యంలో, విమానాశ్రయ అనుమతిని ప్రశ్నించే అర్హత ఇద్దరు బార్బుడా నివాసులకు ఉన్నదని, కింది కోర్టు కాదనడం తప్పని తేల్చింది. అంటే ఏడేళ్లకు వారికి దక్కింది కోర్టులో నిలబడే హక్కు. అప్పటికే రన్‌వే పరచడం పూర్తయింది. ఆ ఏడాదే దాని మీద విమానాలు దిగడం మొదలైంది.